నడిమి బల్బు

మా ఊళ్ళో కారం ఆడించుకోడానికి వచ్చినవాళ్ళు కాయ మరలో పోసి ఇంటికి వెళ్ళిపోరు. ఎండలో పెళపెళలాడిన కాయని వేడి మీదే గంపలో తెచ్చుకుని, తమ వంతు వచ్చేదాకా గంప మీద చెయ్యి తీయకుండా కూర్చుంటారు. మర నోట్లో పోసిన దగ్గర నుంచి కింద డబ్బాలోకి పొడి రాలేదాకా రెప్ప వెయ్యరు. తుమ్మొస్తే కొంగు అడ్డం పెట్టుకుని తుమ్ముతారు గానీ తల తిప్పరు. ముందు ఆడించుకున్నవాళ్ళ పొడి మర కడుపులో ఎంత మిగిలిందో, తమ కాయ ఘాటు వెనక వచ్చేవాళ్ళకి ఎంత పోతుందో, అన్నీ అనుమానాలే. నా పెనిమిటి ఉన్నప్పుడు, "దేవుడి పెళ్ళి కూడా ఇంత కళ్ళప్పగించి చూడరే వీళ్ళు" అనేవాడు.

నేను తప్పు పట్టను. ఏడాది పొడుగునా తినే కారం అది. పచ్చళ్ళలోకి అదే, కూరల్లోకి అదే, కాపురానికి వెళ్ళిన ఆడపిల్లలకి కట్టి పంపేదీ అదే. నేనైనా అంతే. పాలవాడు పాలు కొలిచేటప్పుడు నేను చెంబు వైపు చూడను, అతని బొటనవేలి వైపు చూస్తాను. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. నాకు సంతకం ఒక్కటే వచ్చు, అదీ తలకట్లు మర్చిపోతాను. అందుకని రాసిందాన్ని రాసినట్టు మళ్ళీ చదివించుకుంటున్నాను. ఆ పిల్లకి కోపం వస్తోంది. రానీ.

చదువు రాకపోయినా నాకు బల్బులు చదవడం వచ్చు. మిల్లు గోడకి, మోటారు స్విచ్చి పైన, ఒక చెక్క పలక మీద మూడు బల్బులు ఉంటాయి. ఆయన కట్టినవే. ఇళ్ళకి ఒక్క కరెంటు తీగ చాలుగానీ మా మోటారు మూడు తీగల మీద నడుస్తుంది. స్తంభం మీద పైతీగ, నడితీగ, కిందితీగ అని మూడు పోతుంటాయి. ఒక్కో బల్బు ఒక్కో తీగది. వాటి అడుగున చప్పతీగ ఒకటి ఉంటుంది, దాని సంగతి మనకక్కర్లేదు. "మూడూ ఒక్క తీరున వెలుగుతుంటే ఆడించు. ఒకటి ఎర్రబడితే ఆపు. ముగ్గురు మోసే మోతలో ఒకడు చెయ్యి జార్చాడంటే మిగతా ఇద్దరి నడుములు విరుగుతాయి. మోటారూ అంతే" అని చెప్పేవాడు. బల్బులు పాతరకం తీగ బల్బులే ఉండాలనేవాడు. ఇప్పుడొచ్చే తెల్ల బల్బులు అబద్ధాలకోర్లంట. ఓల్టేజి ఎంత పడిపోయినా అదే మొహం పెట్టుకుని వెలుగుతాయంట. పాత బల్బులు దొరకడం మానేస్తాయేమోనని ఆయన ముందుగానే అట్టపెట్టెల్లో కొని దాచాడు. ఆయన పోయాడు. ఆ బల్బులు ఇంకా ఉన్నాయి.

మరను నేను నడుపుతున్నాను. ఆయన పోయాక ఊరు రెండు మాటలు అనుకుంది. ఆడది మర నడుపుతుందా అన్నది ఒకటి, ఎన్నాళ్ళు నడుపుతుందో చూద్దాం అన్నది ఇంకొకటి. రెండో మాట అన్నవాళ్ళలో మా మరిది ఉన్నాడని నాకు గట్టి అనుమానం. నా చెవికి ఆనేట్టు ఎవరూ చెప్పలేదు. కానీ దినాలు అయిన తరవాత ఒకసారి, "వదినా, నీకెందుకీ దుమ్మూ ధూళీ, రోడ్డు పక్క జాగా, ఎరువుల కొట్టు పెడితే ఇద్దరం బతుకుతాం" అన్నాడు. నేను మర ఆడిస్తున్నాను గదా, వినపడనట్టు ఊరుకున్నాను. అతనూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు నచ్చలేదు.

ఈ ఏడు రెండో కోత కాయ కల్లాల్లో ఎండి ఇళ్ళకి చేరిన రోజుల్లో, మా మిల్లుకి పడమటింటి అత్త వచ్చింది. చుట్టరికం ఏమీ లేదు, వరస పెట్టి పిలుస్తాను. ఊళ్ళో ఆవిడ నాలికకి జడవని వాళ్ళు లేరు. సొంత చేలో పండిన తేజ రకం మిరపకాయ తెచ్చింది. తొడిమలు తీసి, నట్టెండలో కాచి, గంప మీద గుడ్డ కప్పి తెచ్చింది. చేత్తో పట్టుకుంటే సెగ తగులుతోంది. అట్లాగే ఉండాలి. కారపు కాయ వేడి మీద ఆడాలి, పొద్దు వాలితే మెత్తబడి మరకి అంటుకుంటుంది. అందుకే మా మిల్లుకి గిరాకీ అంతా నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే.

కాయ పోశాను. సగం ఆడేదాకా బాగానే ఆడింది. ఉన్నట్టుండి మర గొంతు మారింది. ఝుయ్యిమనేది మూలగడం మొదలుపెట్టింది. కాయ లోపల నలిగీ నలగక తిరుగుతోంది, జల్లెడ పూడిపోయింది, మాడు వాసన కొట్టింది. నేను లేచి ఆపేసరికి డబ్బాలో పడిన పొడి నల్లబారి ఉంది. ఆవిడ చిటికెడు తీసి అరచేతిలో రుద్దింది.

"ఏందమ్మే ఇది?"

"కారం, అత్తా."

"ఇది కారమా? కాలిన ఇటిక పొడి లాగుంది. నా కాయ కుంకం రంగు గదంటే. ఇది తాలు కాయ పొడి. నా కాయ యాడ పెట్టావ్?"

"గంప మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నావుగా అత్తా. యాడికి పోద్ది?"

"తుమ్మాను గదా! తుమ్మినప్పుడు కళ్ళు మూసుకోనా?"

"ఒక్క తుమ్ములో గంపెడు కాయ మార్చడానికి నాకేమన్నా పది చేతులున్నాయా?"

"ఏమో. మొగుడు పోయినాక నీకెన్ని చేతులు మొలిచినయ్యో ఎవరు చూశారు?"

వరసలో కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు గంప మీద గుడ్డ బిగించుకున్నారు. ఒకావిడ లేచి, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానంది. మిగతా అందరికీ కూడా పప్పు గుర్తొచ్చింది.

మర్నాటి నుంచి మా వాకిట్లో గంపలు ఆగలేదు. ఆటోల్లో పెట్టుకుని పర్చూరు మిల్లుకి పోతుంటే గుమ్మంలో నుంచుని చూశాను. కారం ఆడేది ఈ ఎండల్లోనే. ఈ ఎండల్లో మర తిరగకపోతే మళ్ళీ ఏడాది దాకా ఎవరూ రారు. ఒకసారి పర్చూరు అలవాటు పడ్డ కాలు వెనక్కి రాదు. మిల్లు మూస్తే మూశాను, కూలికి వెళ్ళి బతుకుతాను. చిన్నప్పుడు పత్తి తీశాను, పొగాకు గుచ్చాను. కానీ దొంగతనం చేసి మూసుకుందన్న మాటతో ఆ తలుపు మూయడం నావల్ల కాదు. నా వెంట ఆయన పేరు కూడా పోతుంది. ఆయన ఈ మిల్లులో ఎవరి కాయా గుప్పెడు ఎరగడు.

మరలో లోపం ఉందేమోనని చీరాల నుంచి మెకానిక్కుని పిలిపించాను. అంతా విప్పి చూసి, మరలో ఏమీ లేదు పొమ్మన్నాడు. అప్పుడు బల్బుల వైపు చూశాను. ఇన్నాళ్ళూ చూడలేదా అని అడగొచ్చు. చూస్తూనే ఉన్నాను, పొద్దున్నే మర ఊడ్చేటప్పుడు. అప్పుడు మూడూ సమంగానే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం మాత్రం వంతు కోసం కొట్టుకునే ఆడవాళ్ళని చూస్తానా, గోడని చూస్తానా? ఆ రోజు మిల్లులో ఎవరూ లేరు గనక తీరిగ్గా కూర్చుని చూశాను. ఎండ ముదిరేకొద్దీ పక్క బల్బులు రెండూ కళ్ళు చెదిరేట్టు తెల్లగా మండుతున్నాయి. మధ్యది మాత్రం అమావాస్య పూట గుడ్డి దీపంలా ఎర్రగా కొట్టుకుంటోంది. చూస్తుండగానే పక్క బల్బు ఒకటి ఫట్టున పోయింది. వేరేది తెచ్చి పెట్టాను.

నడితీగని ఎవరో తినేస్తున్నారు. ఎవరు?

కరెంటు ఆఫీసుకి ఫోను చేయించాను. వాళ్ళు వచ్చి ఊరి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో పెట్టి చూసి, "ఇక్కడ మూడూ సరిగ్గానే ఉన్నాయమ్మా" అని వెళ్ళిపోయారు. అక్కడ సరిగ్గా ఉంటే నా దగ్గరకొచ్చేసరికి ఏమైపోతోంది? మాది బజారు చివర. నీళ్ళ కాలవకైనా కరెంటు తీగకైనా చివర ఉన్నవాడి రాత ఒకటే. పైన ఎవడు గండి కొట్టాడో కనిపెట్టాలి.

కనిపెట్టడానికి ఎంతో దూరం పోనక్కర్లేదనుకున్నాను. మా మరిది ఇల్లు మా మిల్లు గోడనానుకునే ఉంటుంది. ఎండలు మొదలవగానే ఏసీ పెట్టించాడు. దాని గాలిపెట్టె మా గోడ వైపే ఉంది. నేను తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక కన్ను గోడ అవతలి పెట్టె మీద, ఒక కన్ను నా బల్బు మీద. పెట్టె గుర్రుమన్నప్పుడల్లా నా నడిమి బల్బు తల దించుకుంది. అది ఆగినప్పుడు కొంచెం ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ గుర్రు, మళ్ళీ తల దించుకోవడం. ఇంకేం కావాలి నాకు? ఎరువుల కొట్టు కళ్ళ ముందు కనపడింది.

గోడ దగ్గరికి వెళ్ళి కేకేశాను.

"ఏమయ్యా, నీ ఏసీ ఏ తీగ మీద ఉంది?"

మరిది లుంగీ బిగించుకుంటూ బయటికొచ్చాడు. "తీగేంది వదినా? కరెంటు మీద ఉంది."

"అందరిదీ కరెంటు మీదే ఉంటది. నీది నడితీగ మీదికి ఎప్పుడు మార్పించుకున్నావ్?"

"ఎవరు చెప్పారు?"

"నా బల్బు చెప్పింది. నా మరని పడుకోబెట్టి ఆ జాగాలో ఎరువుల బస్తాలు దింపుదామనా?"

"అబ్బో! నీ జాగా కోసం నేను ఏసీ కొనుక్కున్నానంటావా? ఉక్కపోసి చస్తా కొన్నా."

తోడికోడలు చేట చేత్తో పట్టుకుని వెనకాలే వచ్చింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. "మేమొక్కళ్ళమే మార్పిచ్చుకున్నట్టు మాట్టాడతావేందక్కా? బజారు బజారంతా దాని మీదే ఉంటే?"

మరిది దాని వైపు తిరిగి కళ్ళెర్రజేశాడు. "లోపలికి పోయే నువ్వు. బియ్యం ఏరుకో పో."

ఆ చూపుతో నాకు సంగతి అర్థమైంది. దొంగ ఒకడు కాదు.

ఆ సాయంత్రం ఎండ చల్లబడ్డాక బజారు ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాను, తలకాయ పైకెత్తి. ప్రతి ఇంటి మీద నుంచి ఒక తీగ స్తంభానికి వెళ్ళి ఏదో ఒక తీగకి ముడేసుకుని ఉంటుంది. పాత ముళ్ళు నల్లబారి ఉంటాయి. కొత్త ముడి మెరుస్తుంది. అరుగు మీద కూర్చున్న ముసలాయన, "ఏందమ్మే, కాకుల్ని లెక్కపెడతన్నావా?" అన్నాడు. "కాకులు కాదు తాతా, గద్దలు" అన్నాను. నడితీగ మీద, వాలుటెండలో తళతళ మెరుస్తూ, కొత్త ముళ్ళు వరసగా ఉన్నాయి. పైతీగ మీద, కిందితీగ మీద ముళ్ళు ఊడదీసిన మచ్చలున్నాయి. ఆ ముసలాయన ఇల్లూ నడితీగ మీదే. రేషన్ డీలరుదీ అదే. చర్చి పక్క సందులో ఇళ్ళన్నీ అదే. పడమటింటి అత్త ఇంటి దగ్గరికొచ్చి ఆగాను. అన్నింటికన్నా ఎక్కువగా మెరుస్తున్నది ఆవిడ ముడే.

నా మీద దొంగతనం కట్టిన మనిషి. ఆవిడ కూలర్ తిరుగుతుంటే ఆవిడ కారమే మాడింది.

లైన్‌మన్ టీ కొట్టు దగ్గర దొరికాడు. నన్ను చూడగానే గ్లాసులోకి చూడటం మొదలుపెట్టాడు. ఆ చూపు నాకు తెలుసు.

"ఏమయ్యా, ఊరందర్నీ ఒకే తీగకి కట్టావేంది?"

"నేను కట్టడం ఏంది పెద్దమ్మా? వచ్చి అడుగుతారు. ఒకళ్ళకి వేసి ఇంకొకళ్ళకి వెయ్యనంటే ఊరుకుంటారా? వాళ్ళింటో ఫ్యాను తిరుగుద్ది, మాయింటో తిరగదు, నువ్వు వాళ్ళ మనిషివి అంటారు."

"అందరూ నడితీగే కావాలని ఎట్టా అడిగారు? కలలో కనపడిందా?"

అతను నవ్వాడు. గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

"నీ మిల్లులోనే గదా కనపడేది! కారం ఆడిచ్చుకోటానికి వచ్చి కూర్చుంటారు. నీ గోడకి మూడు బల్బులుండె. ఏది బాగా వెలుగుతుందో చూసుకుంటారు. ఇంటికి పోయి నాకు ఫోను. 'మిల్లులో నడిమి బల్బు బాగుంది, మాది దాని మీదికి వెయ్యి' అని. పోయినేడు నడితీగ మీద ఇళ్ళు తక్కువ, అందుకని బాగా ఎలిగేది. ఇప్పుడు అందరూ ఎక్కి కూర్చున్నారు."

వాళ్ళు కళ్ళు ఆర్పకుండా చూసేది కాయనే అనుకున్నాను ఇన్నేళ్ళూ. సగం చూపు కాయ మీద ఉందేమో, మిగతా సగం నా గోడ మీద ఉంది. ఆయన మోటారు కోసం కట్టిన బల్బులు ఊరికి దారి చూపించాయి. ఒకరికి తెలియకుండా ఒకరు, పక్కింటివాడి కన్నా తనకి కాస్త వెలుగు ఎక్కువ రావాలని, అందరూ ఒకే గట్టు ఎక్కారు. ఎక్కినవాడు ఎక్కినట్టు గట్టు కుంగింది.

"అక్కడ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఓల్టేజి పెంచే మెట్లు ఉంటాయంటగా. ఒక మెట్టు పెంచితే?" అన్నాను. మా ఆయన ఒకసారి చెప్పాడు.

"పెంచితే మూడు తీగలూ కలిసి పెరుగుతయ్యి పెద్దమ్మా. నీ నడిది కాస్త లేచిద్ది. మిగతా రెంటి మీద ఉన్నోళ్ళ టీవీలు మాడిపోతయ్యి. అప్పుడు నన్ను ఆ స్తంభానికే కట్టేస్తారు. ఇప్పటికే ఆ రెండూ ఎగిరెగిరి పడతన్నయ్యి."

నా పక్క బల్బులు ఎందుకు పేలుతున్నాయో అప్పుడు తెలిసింది.

"అయితే ఇళ్ళని మూడు తీగలకీ సమంగా పంచు."

"రెడీ. ఎవరి ముడి ముందు విప్పమంటావో ఆ ఒక్కటీ నువ్వు చెప్పు" అని, టీ తాగేసి బండెక్కి పోయాడు. అతను చెప్పిందంతా నిజమేనా, తన తప్పు నా బల్బుల మీదికి నెట్టాడా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. సగమైనా నిజం ఉంటుంది.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగాను. మీ తీగ మార్చుకోండి అంటే ఎవరూ కాదనలేదు. కాదనకపోవడంలోనే ఉంది తిరకాసు. రేషన్ డీలరు, "ముందు పక్కింటోళ్ళని మార్చుకోమను, తరవాత చూద్దాం" అన్నాడు. పక్కింటోళ్ళు, "డీలరుది మారిందని కళ్ళతో చూస్తేగానీ నమ్మం" అన్నారు. చర్చి సందులో ఒకావిడ, "మమ్మల్ని ఆ గుడ్డి తీగ మీదికి తోసి మీరు మంచిదాని మీద ఉందామనా అక్కా?" అంది. గుడ్డిదేదో ఇప్పుడు నడితీగే అని చెబితే, "నువ్వు అట్టాగే అంటావులే" అంది. మా మరిది అన్నింటికన్నా తెలివైనవాడు. "అందరూ మారితే నేనూ మారతా వదినా. చివర్న" అన్నాడు. అందరూ దిగిపోయాక ఆ తీగంతా తనొక్కడిదే అవుతుంది గదా. అతని మొహంలోకి చూశాను. నవ్వు లేదు. లేకపోతే మాత్రం నమ్ముతానా?

ఇంటికొచ్చి ఖాళీ మర ముందు కూర్చున్నాను. ఈ ఊరు ఎవరి మాటా నమ్మదు. తన కళ్ళని నమ్ముతుంది, అదీ తుమ్ము రానంతసేపు. అయితే ఆ కళ్ళకే చూపించాలి.

లైన్‌మన్‌ని ఆదివారం రమ్మని కబురు పెట్టి, మళ్ళీ అందరి గుమ్మాల్లోకీ వెళ్ళాను. ఈసారి బతిమాలలేదు. "ఆదివారం, చర్చి వాళ్ళు ఇళ్ళకొచ్చాక, ఎండ మీద, మిల్లు దగ్గర తీగలు పంచుతున్నాం. మీ కాయ మరలో పోసినప్పుడు ఎట్టా కూర్చుని చూస్తారో అట్టా వచ్చి కూర్చుని చూడండి. రాకపోతే మీరు లేకుండానే పంచుతాం. ఇళ్ళల్లో కూలర్లు, ఏసీలు వేసే ఉంచి రండి" అని చెప్పాను. మీరు లేకుండానే అన్న మాట విన్నాక రాకుండా ఎవరుంటారు? తాను లేనప్పుడు తనకి తక్కువ వస్తుందని తెలియని మనిషి మా ఊళ్ళో పుట్టలేదు.

ఆదివారం మిల్లు నిండిపోయింది. చోటు చాలక కిటికీ ఊచలు పట్టుకుని నుంచున్నారు. పడమటింటి అత్త అందరికన్నా ఆఖర్న వచ్చింది, నెత్తి మీద గంపతో. గంప మీద గుడ్డ. దగ్గరికొస్తే సెగ కొట్టింది. ఎండలోంచి అప్పుడే ఎత్తిన కాయ. ఎందుకు తెచ్చిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

బల్బులు చూపించాను. రెండు తెల్లగా, మధ్యది ఎర్రగా.

"ఇంతమంది ఒక్కదాని మీద కూర్చుంటే అది ఇంకేం ఎలుగుద్ది?" అన్నాడు బయట నుంచి లైన్‌మన్. "ఎవరిది తియ్యమంటారో తొందరగా చెప్పండి. ఎండ మండతంది."

డీలరు పక్కింటివాడి మొహం చూశాడు. పక్కింటివాడు పైకప్పు చూశాడు. మా మరిది తలుపు వెనక్కి జరిగాడు. ఇక అయిపోయింది, నా మిల్లు ఇక్కడితో ఆఖరు అనుకున్నాను.

పడమటింటి అత్త గంప మర పక్కన దించింది.

"నాది తియ్యి ముందు."

"నీదా పెద్దమ్మా?" అన్నాడు లైన్‌మన్.

"నాదే. చెవుడా? ఊళ్ళో అందరికన్నా కొత్త ముడి నాదేనంటగా, ఈవిడ బజారంతా తల పైకెత్తి తిరిగి లెక్క తేల్చింది. నా తీగ తీసి నీ ఇష్టమొచ్చిందాని మీద వెయ్యి. కానీ ఒక్క మాట. మీ పని అయ్యీ అవగానే ఈ కాయ నా కళ్ళ ముందు మరలో పొయ్యాలి. ఆ రోజు ఈవిడ నా కాయ మార్చిందా, మీరందరూ కలిసి నా కారం మాడ్చారా, అది తేలాలి నాకు." తలుపు వైపు తిరిగింది. "ఏరా, ముసల్దాన్ని నేను ముందుకొచ్చా, నువ్వు తలుపు చాటున నక్కావేంది? కొత్త పెళ్ళికూతురివా?"

అందరూ నవ్వారు. మా మరిది మొహం కందగడ్డ అయింది. "నేనేం నక్కలా. నాదీ తియ్యి" అన్నాడు. అతని తరవాత డీలరు. ఆ తరవాత, ఎక్కడ వెనకబడితే ఎక్కడ మంచి తీగ అయిపోతుందోనని, నాదంటే నాదని మీద పడ్డారు.

లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్చి దించి వచ్చి స్తంభం ఎక్కాడు. బల్బులు మూడూ ఆరిపోయాయి. జనంలో సగం మంది స్తంభం కింద నుంచున్నారు, తమ ముడి ఎక్కడికి పోతోందో చూడటానికి. మిగతా సగం మంది మిల్లులోనే ఉన్నారు, నేనేమన్నా చేస్తానేమోనని. ఒక స్తంభం దిగి ఇంకొకటి ఎక్కేసరికి అతని చొక్కా తడిసిపోయింది. ఎవరో మజ్జిగ ఇచ్చారు. దాన్లో ఉప్పు ఎక్కువైందని వాళ్ళతోనూ పోట్లాడాడు.

కరెంటు వచ్చింది.

నడిమి బల్బు ముందు ఎర్రగానే లేచింది. ఇళ్ళల్లో కూలర్లన్నీ ఒక్కసారి అందుకున్నట్టున్నాయి. కాసేపటికి కుదురుకుంది. పసుపు రంగు తిరిగింది, ఆ పైన తెల్లబడింది. పక్కవి రెండూ మండడం మానేశాయి. మూడూ అచ్చంగా ఒకటే అని నేను చెప్పను, మధ్యది ఒక్క పిసరు తక్కువ. కానీ ఆయన ఉన్నట్టయితే, ఆడించవే అనేవాడు.

ఆడించాను. మర ఝుయ్యిమని ఎత్తుకుంది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. అత్త గంప దగ్గర గొంతుక్కూర్చుని కాయ తన చేత్తోనే ఎత్తి ఇచ్చింది. ఘాటు లేచింది. మిల్లంతా తుమ్ములు. ఆవిడకీ ముక్కు ఎగిరింది. కొంగు పట్టుకుని మరిదిని పిలిచింది. "ఒరేయ్, ఇట్టా రా. నేను తుమ్మినప్పుడు నువ్వు చూడు."

అతను వచ్చి నుంచున్నాడు. ఆవిడ తుమ్మినంతసేపూ మా మరిది, నా మిల్లు మీద కన్నేశాడని నేను అనుమానించిన మనిషి, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యకుండా నా తరఫునో, ఆవిడ తరఫునో కాయకి కాపలా కాశాడు. ఎవరి తరఫునో ఇప్పటికీ నాకు తెలియదు.

డబ్బాలో పొడి కుంకంలా రాలింది. అత్త చిటికెడు తీసి అరచేతిలో రుద్దింది, నాలిక మీద వేసుకుంది, కళ్ళు మూసుకుంది. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు.

"ఇది నా కాయే" అంది.

"ఆ రోజుదీ నీ కాయే అత్తా."

"అది నాకు తెలవదు. ఇది మాత్రం నా కాయే." డబ్బా మూత బిగించింది. లేచి, గడప దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే అంది: "రేపు మా కూతురి కాయ తెస్తా. వంతు ఉంచు."

అంతకన్నా ఆవిడ దగ్గర నుంచి ఎవరూ రాబట్టలేరు. కిటికీ దగ్గర ఉన్నావిడ, "రేపు మాది కూడా అక్కా" అంది. పర్చూరు వెళ్ళిన గంపలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.

వాళ్ళంతా వెళ్ళిపోయాక నేను స్టూలు ఎక్కి బల్బుల పలకని ఊడదీశాను. తిప్పి, బల్బులు నేను నుంచునే వైపుకి వచ్చేట్టు, స్విచ్చి పక్కన మూలగా బిగించాను. వంతు కోసం కూర్చునేవాళ్ళకి ఇప్పుడు చెక్క వీపు ఒక్కటే కనపడుతుంది. మూడింట్లో ఏది ఒక్క పిసరు ఎక్కువ వెలుగుతోందో వాళ్ళకి తెలియాల్సిన పని లేదు. తెలిస్తే వచ్చే ఎండలకి మళ్ళీ అందరూ దాని మీదే ఉంటారు. పొద్దున్నే బజారులో ఒక చుట్టు తిరిగి రావడం మాత్రం నేను మానలేదు. తల పైకెత్తి, ఎక్కడన్నా కొత్త ముడి మెరుస్తోందేమోనని. మా మరిది ఇంటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అత్త అన్నట్టే మర్నాడు కూతురి కాయతో వచ్చింది. గంప మీద చెయ్యి వేసి కూర్చుంది. కూర్చున్న కాసేపటికి ఆవిడ చూపు గోడ మీదికి పోయింది.

"ఏందమ్మే, బల్బులు యాడికి పోయినయ్యి?"

"ఇక్కడే ఉన్నయ్యి అత్తా, నా వైపు."

"నీ వైపు ఎందుకు? ఏం దాస్తన్నావ్ ఆడ?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఎవరన్నా దాస్తారంటే? ఒక్కసారి తిప్పి చూపియ్యి."

చెయ్యి గంప మీదే ఉంది గానీ, మెడ సారించి ఆ చెక్క వెనక్కి చూడటానికే తంటాలు పడుతోంది.

"కాయ చూసుకో అత్తా" అన్నాను. "మర తిరుగుతోంది."